స్క్రూ బిగిస్తే పోయే రోగం కాదు

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం, రేడియో కంట్రోల్ కార్ల సరదా ఉన్నవాళ్ళంతా కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి. నేను చూపించబోయేవన్నీ రెండు మూడు మిల్లీమీటర్ల సరుకు. అక్కడి నుంచి చూస్తే నా చెయ్యి తప్ప ఏమీ కనపడదు.

బాల్ డిఫరెన్షియల్ గురించి మాట్లాడమన్నారు. మలుపులో రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగమే డిఫరెన్షియల్, మనం పొట్టిగా డిఫ్ అంటాం. బాల్ డిఫ్‌లో ఆ పని చిన్న చిన్న గోళీలు చేస్తాయి. మనవాళ్ళకి దాని మీద ఒకటే వైద్యం తెలుసు. కారు ఎత్తుకునేటప్పుడు కీచుమందా, స్క్రూ బిగించు. మలుపులో వెనక భాగం తిరిగిపోయిందా, బిగించు. చేత్తో తిప్పితే గరగరలాడిందా, దానికీ బిగింపే. చివరికి స్క్రూ లోపలే విరిగి, తల ఒకటి చేతికొస్తుంది. అప్పుడు గ్రూపులో ఫొటో పెట్టి "అన్నా, ఇదేటి ఇలాగయిపోనాది" అంటారు. (నవ్వులు) డిఫ్‌కి వచ్చే జబ్బుల్లో స్క్రూ బిగిస్తే నయమయ్యేది ఒకే ఒక్కటి. మిగతావాటికి విప్పాల్సిందే. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఇది ఎక్కడిదో రెండు మాటలు. ఇంగ్లండ్‌లో సెసిల్ షూమాకర్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. రేసు కార్ల ఇంజన్లు చేసే కాస్వర్త్ కంపెనీలో ట్రాన్స్‌మిషన్, అంటే గేర్ల పని చేసినవాడు. బిగింపు మార్చుకోగలిగే బాల్ డిఫ్‌ని మన చిన్న కార్లకి తెచ్చింది ఆయనే. 1980లో ఆయన పెట్టిన కంపెనీ దాని మీదే నిలబడింది. ఫార్ములా వన్ షూమాకర్‌కీ ఈయనకీ సంబంధం లేదు, ఎవరైనా అడుగుతారేమోనని ముందే చెప్తున్నా. పెద్ద కార్లలో ఉండే పళ్ళ చక్రాల డిఫ్ కంటే ఇది తేలిక, నున్నగా తిరుగుతుంది, నూనె కారే గొడవ లేదు. అందుకే చాలా ఏళ్ళు రేసుల్లో దీనిదే రాజ్యం.

ఇందులో పళ్ళతో పళ్ళు కలిసే చోటు ఒక్కటీ లేదు. మధ్యలో ఒక గేరు. దాని ఒంటి నిండా రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక్కో బాల్. చాలా బగ్గీల్లో, అంటే మట్టి మీద తోలే చిన్న కార్లలో, ఇవి పన్నెండో, ఆ పైన ఇంకో రెండు మూడో ఉంటాయి. సైజు 3/32 అంగుళం, అంటే సుమారు 2.4 మిల్లీమీటర్లు. గేరుకి అటొక ఉక్కు రింగు, ఇటొక ఉక్కు రింగు. ఒక్కో రింగు ఒక్కో అవుట్‌డ్రైవ్‌కి, అంటే ఆ వైపు చక్రం ఇరుసుని తిప్పే కప్పుకి, ఆనుకుని ఉంటుంది. మొత్తాన్నీ ఒక సన్నటి పొడుగు స్క్రూ, ఒక స్ప్రింగు కలిసి నొక్కి పట్టుకుంటాయి. అంతే యంత్రం.

ఎలా పనిచేస్తుందో చూడండి. ఈ గోళీని రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకున్నాను. రెండు చేతులూ కలిపి ముందుకి తోస్తే గోళీ దొర్లదు, చేతులతో పాటే వస్తుంది. అది కారు తిన్నగా పోవడం. ఇప్పుడు గోళీ ఉన్నచోటే ఉండాలనుకుని కుడి చెయ్యి ముందుకి జరిపాను. ఎడమ చెయ్యి ఏమైంది? అంతే దూరం వెనక్కి పోయింది. అది మలుపు. డిఫ్ అంటే ఇంతకు మించి ఏమీ లేదు. చేతులు బాగా నొక్కకపోతే గోళీ దొర్లకుండా జారుతుంది, అదీ చూశారు కదా.

ఇక్కడ చిన్న లెక్క. వెనక చక్రాల మధ్య దూరం 20 సెంటీమీటర్లు అనుకుందాం. కారు వెనక్కి తిరిగి వచ్చే మలుపు, అంటే అరచుట్టు తీసుకుంటే, బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎంత ఎక్కువ దూరం పోతుంది? మలుపు ఎంత పెద్దది అని అడుగుతారు. అవసరం లేదు. మీటరు వ్యాసార్ధమైనా, పది మీటర్లైనా, తేడా పై ఇంటూ 20. అంటే దాదాపు 63 సెంటీమీటర్లు. 85 మిల్లీమీటర్ల టైరు చుట్టుకొలత సుమారు 27 సెంటీమీటర్లు. అంటే ఒక్క మలుపులో రెండు అవుట్‌డ్రైవ్‌ల మధ్య రెండుంపావు చుట్లకు పైగా తేడా. ట్రాక్ మీద అయిదు నిమిషాల్లో ఇలాంటి మలుపులు ఎన్ని తిరుగుతారో మీరే వేసుకోండి. లోపల బాల్స్ ఊరికే కూర్చోవడం లేదని చెప్పడానికే ఈ లెక్క.

ఇప్పుడు అసలు దోషి దగ్గరికి వద్దాం. దాని పేరు థ్రస్ట్ బేరింగ్. (చిమ్టాతో పట్టుకుని చూపించారు.) ఇదిగో, ఇంత. రెండు చిన్న వాషర్లు, మధ్యలో ఆరో ఎనిమిదో చిట్టి బాల్స్. ఇవి 5/64 అంగుళం, అంటే రెండు మిల్లీమీటర్లు. కొన్ని కార్లలో వీటికి కేజ్ ఉంటుంది, కొన్నింటిలో విడిగా పోసుకోవాలి. ఇది స్క్రూ తల కింద కూర్చుంటుంది. ఎందుకు? స్క్రూకి ఒక కొస ఒక అవుట్‌డ్రైవ్‌లో, నట్ రెండో అవుట్‌డ్రైవ్‌లో. మలుపులో ఆ రెండూ ఎదురెదురుగా తిరుగుతాయి. నట్ వైపు ఉన్న అవుట్‌డ్రైవ్‌తో పాటు స్క్రూ తిరగాలి, తల వైపు ఉన్న అవుట్‌డ్రైవ్ స్క్రూని పట్టుకోకుండా వదిలేయాలి. ఆ వదిలేసే పని థ్రస్ట్ బేరింగ్‌ది. అది పట్టేసిందంటే తల ఒక వైపుకి లాగుతుంది, నట్ ఇంకో వైపుకి లాగుతుంది. ఒక పక్క మలుపుల్లో స్క్రూ బిగుసుకుంటుంది, రెండో పక్క మలుపుల్లో ఊడొస్తుంది. "పొద్దున్న సెట్ చేశాను మాస్టారూ, మధ్యాహ్నానికి వదులైపోయింది" అని వచ్చేవాళ్ళలో చాలామందికి ఇదే కారణం.

ఇంకో సంగతి గమనించండి. స్ప్రింగు నొక్కే బలమంతా పెద్ద రింగుల మీద పన్నెండు బాల్స్ పంచుకుంటాయి. అదే బలం ఇక్కడ ఆరు చిన్న బాల్స్ మీద పడుతుంది. పైగా గేరుతో పోలిస్తే ఒక్కో రింగు తిరిగేది తేడాలో సగమే, థ్రస్ట్ బేరింగ్ మాత్రం మొత్తం తేడా తిరుగుతుంది. తక్కువ మంది, ఎక్కువ బరువు, రెట్టింపు తిరుగుడు. ముందు పాడవక ఏం చేస్తుంది? అందుకని డిఫ్ గరగరలాడితే నేను రింగుల కంటే ముందు దీన్ని అనుమానిస్తాను.

విప్పకుండా చూసుకునే పరీక్షలు రెండున్నాయి. కారు చేతిలో పట్టుకుని, స్పర్ గేరు, అంటే మోటారు తిప్పే పెద్ద గేరు, కదలకుండా ఆపి, ఒక వెనక చక్రం మెల్లగా తిప్పండి. రెండోది ఎదురు తిరగాలి, నున్నగా, మధ్యలో ఎక్కడా తట్టుకోకుండా. వేళ్ళకి ఇసుక తగిలినట్టుంటే ఆ రోజు ఆట మానేసి విప్పడమే. రెండో పరీక్ష జారుడుకి. స్పర్‌నీ ఒక చక్రాన్నీ గట్టిగా పట్టుకుని, రెండో చక్రాన్ని ముందుకి తిప్పబోండి. చాలా కష్టం మీద కదలాలి, లేదా కదలకూడదు. సులువుగా తిరిగిందంటే డిఫ్ జారుతోంది. ఈ ఒక్కదానికీ స్క్రూ బిగించి చూడొచ్చు, అదీ ముందు పరీక్షలో నున్నగా తిరిగితేనే. గరగరతో పాటు జారుడు కూడా ఉంటే బిగించారో, రింగుల మీద గాడి పడిపోతుంది.

ఒక ప్రశ్న వచ్చింది, చెప్పండి బాబూ. ... ఆ, కీచుమనేది స్లిప్పరా, డిఫ్ఫా అని. మంచి ప్రశ్న. స్లిప్పర్ క్లచ్ అంటే మోటారు బలం ఒక్కసారిగా పడ్డప్పుడు కాస్త జారి గేర్లని కాపాడేది. అది ఉన్న కార్లలో ఏది జారినా స్లిప్పరే ముందు జారాలి. అది జారడానికే పుట్టింది. డిఫ్ జారితే బాల్స్ దొర్లవు, రింగు మీద ఈడ్చుకుపోతాయి. వెనక టైర్లు రెండూ నేలకి నొక్కిపట్టి థ్రాటిల్ కాస్త కొడితే స్లిప్పర్ "సుయ్"మని పొడుగ్గా జారుతుంది. డిఫ్ జారితే పొట్టిగా, కుక్కపిల్ల మొరిగినట్టు వస్తుంది. ఆ మొరుగుడు వింటే వెంటనే ఆపేయండి. స్లిప్పర్ని బాగా బిగించేసి డిఫ్‌ని తిట్టేవాళ్ళు మన ఊళ్ళో బోలెడు మంది.

సరే, విప్పుదాం. ట్రేలో తెల్లటి గుడ్డ పరచండి. అయస్కాంతం మాత్రం దగ్గరకి తేవద్దు. ఉక్కు బాల్స్‌కి అయస్కాంతం పడితే ఇనుప రజను అంతా పట్టుకుని కూర్చుంటాయి. స్క్రూ వదులు చేసేటప్పుడు రెండు అవుట్‌డ్రైవ్‌లూ కలిపి పట్టుకుని, నిలువుగా ఉంచి మెల్లగా లాగండి. గేరు ఎత్తగానే బాల్స్ రాలతాయి. లెక్కపెట్టుకోండి, కుర్చీ కింద వెతుక్కునే పని తప్పుతుంది.

కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. మరీ జిడ్డు పట్టిపోతే ముందు పెట్రోలుతో ఒకసారి, తర్వాత ఆల్కహాల్‌తో. పెట్రోలు మాత్రం బాల్కనీలోకి వెళ్ళి, వంటగదిలో కాదు. ఆరాక రింగుల్ని వేళ్ళతో ముట్టుకోకండి, అంచులు పట్టుకోండి. మనది చెమట ఊరు. వేలిముద్ర పడ్డ రింగుని రెండు రోజులు అలా వదిలేస్తే ఆ ముద్రే తుప్పై కనపడుతుంది. బీచ్ రోడ్డు పక్కన ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు, మీ కిటికీ గ్రిల్లులు చెప్తాయి. అందుకే విప్పిన ముక్కల్ని రాత్రంతా టేబుల్ మీద వదలొద్దు. అదే పూట కట్టేయండి, లేదంటే పల్చగా గ్రీజు రాసి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

బీచ్ అన్నాను కాబట్టి ఒక మాట. ఆర్కే బీచ్‌లోనో, భీమిలి దారిలోనో ఇసుక మీద బగ్గీ తోలి వీడియో తీసుకోవాలని అందరికీ ఉంటుంది. తీసుకోండి, కానీ బాల్ డిఫ్ ఉన్న కారుతో వద్దు. కెరటం వెనక్కి పోయాక తడి ఇసుక మీద నల్లగా, ఎర్రగా చారలు మిగులుతాయి, చూసే ఉంటారు. ఇల్మెనైటు, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు అవి, మన తీరంలో దండిగా ఉన్నాయి. గార్నెట్‌తో చెక్కపని వాళ్ళు వాడే గరుకు కాగితం తయారు చేస్తారు. అలాంటి రేణువు ఒకటి బాల్‌కీ రింగుకీ మధ్య పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందులోనే ఉండే మాగ్నెటైటు పోయి మోటారు అయస్కాంతాలకి పట్టుకుంటుంది, అది ఇంకో తలనొప్పి. పైగా ఉప్పు. ఎర్రమట్టి దిబ్బల దగ్గరకైతే అసలు తీసుకెళ్ళకండి. అది దేశం గుర్తించిన భూగర్భ వారసత్వ స్థలం, మన చక్రాలకి చోటు కాదు.

రింగు చూడండి. దీన్ని ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుంటే బాల్స్ తిరిగిన దారి సన్నటి మెరుపు గీతలా కనపడుతుంది. మెరుపు మాత్రమే ఉండి, గోరుతో అడ్డంగా గీస్తే తగలకపోతే రింగు బాగున్నట్టే. గోరు తట్టుకుంటే గాడి పడ్డట్టు. రెండో వైపు తిప్పి వేసుకోవచ్చు. రెండు వైపులా గాడైతే కొత్తది కొనండి, అక్కడ లోభం వద్దు. గాడి లేని రింగుని మాత్రం కాస్త మొరటు చెయ్యాలి. అద్దం ముక్క మీద 600 నంబరు వాటర్ పేపర్ పరచి, రింగుని దాని మీద పెట్టి, వేలితో సమానంగా నొక్కుతూ ఎనిమిది అంకె గీసినట్టు తిప్పండి. మెరుపు పోయి అంతా ఒకే మసక రంగు వస్తే చాలు. అద్దమే ఎందుకంటే టేబుల్ తిన్నగా ఉండదు, చెయ్యి అసలే ఉండదు. ఒక అంచు ఎక్కువ అరిగిన రింగు వేస్తే డిఫ్ ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా తిరుగుతుంది.

రింగు వెనక వైపు కూడా చూడండి, ఇది చాలామంది చూడరు. అవుట్‌డ్రైవ్‌కి ఆనే వైపున గుండ్రటి గీతలు, మెరుపు ఉంటే, రింగు అవుట్‌డ్రైవ్‌తో పాటు తిరక్కుండా దాని మీద జారుతోందన్నమాట. బాల్స్ ఎంత బాగున్నా అప్పుడు లాభం లేదు. మధ్యలో డి ఆకారంలో రంధ్రం ఉండే రింగులైతే సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకోండి. గుండ్రటి రంధ్రం అయితే రింగు, అవుట్‌డ్రైవ్ ఆనే చోట్లు రెండూ ఆల్కహాల్‌తో తుడిచి, అక్కడ చుక్క గ్రీజు కూడా లేకుండా కూర్చోబెట్టండి.

బాల్స్ మారిస్తే అన్నీ మార్చండి. పాతవి ఎనిమిది, కొత్తవి నాలుగు కలిపితే, కొత్తవి వెంట్రుక వాసి పెద్దవిగా ఉంటాయి కనుక బరువంతా ఆ నాలుగే మోస్తాయి. సైకిల్ షాపులో దొరుకుతాయా అని అడుగుతారు. అక్కడివి 3/16, 1/4 అంగుళాలు, సైజే కలవదు. బేరింగ్ షాపులో 3/32 అడగండి, గ్రేడ్ కూడా అడగండి. గ్రేడ్ 25 అంటే గుండ్రంలో తేడా అంగుళంలో పది లక్షల వంతులు పాతిక, అంటే ఒక మైక్రాన్ కంటే తక్కువ. అంకె ఎంత చిన్నదైతే బాల్ అంత గుండ్రం. టంగ్‌స్టన్ కార్బైడ్, సిరామిక్ కూడా ఉన్నాయి. ఉక్కు కంటే గట్టివి, అంత త్వరగా అరగవు, తుప్పు బాధ దాదాపు ఉండదు. మన ఊరికి కార్బైడ్ పెట్టుబడి దండగ కాదని నా అభిప్రాయం. కానీ గాడి పడ్డ పాత రింగుల మధ్య కొత్త కార్బైడ్ వేస్తే డబ్బు డ్రెయిన్లో పోసినట్టే.

గ్రీజు దగ్గర కొంపలు మునుగుతాయి, జాగ్రత్తగా వినండి. చాలా కిట్లలో రెండు ట్యూబులిస్తారు. రంగు లేకుండా పారదర్శకంగా ఉండేది సిలికాన్ గ్రీజు, అది పెద్ద బాల్స్‌కి. నల్లది మాలిబ్డినం కలిపినది, అది థ్రస్ట్ బేరింగ్‌కి. పెద్ద బాల్స్ దొర్లాలే తప్ప జారకూడదు. థ్రస్ట్‌లో మాత్రం ఎంత నున్నగా ఉంటే అంత మంచిది. నల్ల గ్రీజు పెద్ద బాల్స్‌కి రాశారంటే జారుడుబల్ల తయారైనట్టే, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. మోటారు సైకిలు చెయిన్‌కి రాసేది, తలుపు బందులకి రాసేది, ఇంట్లో ఉందని ఏదిబడితే అది రాయకండి. సిలికాన్ కూడా ఎక్కువ వద్దు. గేరు రంధ్రాల్లో బాల్స్ పెట్టి పైన పల్చటి పూత, బాల్ తడిగా కనపడితే చాలు. థ్రస్ట్‌కి మాత్రం దండిగా పెట్టండి. బాల్స్‌ని పట్టుకుని ఉండేదీ, దుమ్ము రాకుండా అడ్డం పడేదీ ఆ గ్రీజే.

నట్ చూశారా? ఈ టీ ఆకారం నట్‌లో నైలాన్ ఉంటుంది. స్క్రూ తనంతట తాను ఊడకుండా పట్టుకునేది అదే. స్క్రూని వేళ్ళతోనే చివరిదాకా తిప్పగలిగితే నైలాన్ పని అయిపోయినట్టు. నట్ మార్చండి. స్క్రూ కూడా కొత్తది వేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే పాత స్క్రూ లోపల ఎంత సాగిందో కంటికి కనపడదు.

ఇప్పుడు బిగింపు. తొందర వద్దు. కొంచెం బిగించడం, రెండు అవుట్‌డ్రైవ్‌లూ ఎదురెదురుగా నాలుగైదు సార్లు తిప్పడం, మళ్ళీ కొంచెం బిగించడం. అలా తిప్పుతుంటే బాల్స్ వాటి చోట్లలో కూర్చుంటాయి. ఒకచోట స్ప్రింగు పూర్తిగా నలిగిపోయి అలెన్ కీ ఠక్కున ఆగుతుంది. అక్కడ ఇంకో పిసరు బిగిద్దామనిపిస్తుంది. అనిపించనివ్వండి, బిగించకండి. అక్కడ నుంచి ఎనిమిదో వంతు చుట్టు, అంటే 45 డిగ్రీలు, వెనక్కి తిప్పండి. చాలా బగ్గీలకి అదే మొదలు. మీ కారు మాన్యువల్‌లో వేరే రాసి ఉంటే మాన్యువలే పెద్దది. తర్వాత అవుట్‌డ్రైవ్ గాడుల్లో రెండు అలెన్ కీలు దూర్చి, రెండూ ఒకే చేత్తో పట్టుకుని, బొటనవేలితో గేరు తిప్పబోండి. కదలకూడదు. కదిలితే 45లో సగం బిగించి మళ్ళీ చూడండి.

ఇక్కడే పెద్ద అపోహ ఒకటి. డిఫ్ బిగిస్తే కారు ఇలా తిరుగుతుంది, వదిలేస్తే అలా తిరుగుతుంది అని స్క్రూతో హ్యాండ్లింగ్ సెట్ చేస్తుంటారు. కొద్దిగా తేడా వస్తుంది, కాదనను. కానీ జారేంత వదులుగానూ, తిరగనంత బిగువుగానూ పెట్టి నడిపితే రెండు విధాలా రింగులకే నష్టం. జారకుండా ఉండే బిగింపు ఏదో అదే దాని బిగింపు. హ్యాండ్లింగ్ కోసం స్ప్రింగులు, టైర్లు, షాక్ ఆయిల్ ఉన్నాయి, వాటితో ఆడుకోండి.

కట్టగానే రేసుకి పరిగెత్తకండి. కారు స్టాండు మీద పెట్టి, ఒక వెనక చక్రాన్ని పట్టుకుని, చాలా తక్కువ థ్రాటిల్‌లో అర నిమిషం తిప్పండి. ఆ రెండో చక్రం రెట్టింపు వేగంతో తిరుగుతుంది, వేళ్ళు జాగ్రత్త. తర్వాత వైపు మార్చండి. ఆగాక బిగింపు మళ్ళీ చూస్తే కాస్త వదులై ఉంటుంది. కొత్త రింగులు అణిగాయి కాబట్టి అది మామూలే.

ఇంకా ప్రశ్నలు? ... గేర్ డిఫ్ ఉండగా ఈ బాధంతా ఎందుకు అంటున్నారు ఈ అమ్మాయి. న్యాయమే. టూరింగ్ కార్లలో, అంటే నున్నటి ట్రాక్ మీద తోలేవాటిలో, ఇప్పుడు దాదాపు అందరూ నూనె పోసే గేర్ డిఫ్‌కే వెళ్ళిపోయారు. మెట్ల మీద నుంచి దూకించేవాళ్ళు, మూడు సెల్స్ బ్యాటరీతో, అంటే బాగా ఎక్కువ బలంతో, తోలేవాళ్ళు బాల్ డిఫ్ జోలికి రావద్దు, అది దాని పని కాదు. అసలు కారులో ఎనిమిదో వంతు సైజు ఉండే కార్లలో ఎలాగూ గేర్ డిఫ్ఫే. పట్టు తక్కువ ఉన్న మట్టి ట్రాక్ మీద, టూ వీల్ డ్రైవ్ బగ్గీతో, మెత్తగా నడిపేవాళ్ళకి మాత్రం ఇది ఇచ్చే హాయి వేరు. నేను ఇప్పటికీ దాన్నే వాడతాను.

ఎన్నాళ్ళకోసారి విప్పాలని ఇంకెవరో అడిగారు. నాళ్ళ లెక్క పెట్టుకోకండి. ప్రతి ఆట తర్వాత చక్రాలు తిప్పి చూడండి, చెయ్యే చెప్తుంది. ఇప్పుడు ఎవరెవరివి గరగరలాడుతున్నాయో పట్టుకుని ఈ టేబుల్ దగ్గరికి రండి, విప్పి చూద్దాం. ముందు ఆ ఫ్యాను ఎవరైనా ఆపండి బాబూ, దుమ్మంతా ట్రేలోకే వస్తోంది.